బండి ఎవరు నడిపారో అదే రాయండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఆదివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి ఖమ్మం వస్తున్నారు. విజయవాడ హైవే మీద కొర్లపహాడ్ టోల్ దాటాక ముందు బండ్లు నెమ్మదిస్తే మీరూ బ్రేక్ వేశారు. వెనకున్న లారీ ఆగలేక మీ డిక్కీ మీదికి వచ్చింది. కారు నాన్నగారి పేరున ఉంది, నడిపింది మీరు. లారీ డ్రైవరు పదివేలు ఇస్తాను, రాజీ కాగితం రాసుకుందాం అన్నాడు. నాన్నగారు ఒప్పుకోలేదు. లారీ నంబరు ఫొటో తీసుకుని, డిక్కీ తాడుతో కట్టుకుని ఇంటికి వచ్చేశారు. మర్నాడు అమ్మగారికి మెడ నొప్పి మొదలైంది. కారు షెడ్డులో ఉంది, ఎస్టిమేటు 1,23,000 వేశారు, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయరు రేపు వస్తాడు. షెడ్డులో అడ్వైజరేమో ఓనరే నడిపినట్టు రాయాలి, లేకపోతే క్లెయిమ్ పాస్ కాదు అంటున్నాడు. ఎడమ తలుపు మీదున్న పాత సొట్ట కూడా ఇందులోనే కలిపేద్దాం అంటున్నాడు.

24 ఏళ్లుగా సర్వేయరుగా పని చేస్తున్నాను, ఎక్కువ భాగం సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం రోడ్ల మీదే. మీ కారు సర్వే నాకు రాదు, మీ కంపెనీతో నాకు సంబంధం లేదు. అందుకని మొహమాటం లేకుండా చెప్తాను. నాన్నగారి పేరు రాయకండి. నడిపింది మీరు, మీ పేరే రాయండి. మిగతా విషయాలు ఎంత చెప్పినా దీని తర్వాతే.

కారు ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది, స్టీరింగ్ పట్టుకున్న మనిషికి కాదు. మీ పాలసీ కాగితం తీసి డ్రైవర్ క్లాజ్ అన్న చోట చదవండి. ఓనరుతో సహా ఎవరైనా నడపొచ్చు, ప్రమాదం జరిగిన సమయానికి ఆ మనిషికి చెల్లుబాటులో ఉన్న లైసెన్స్ ఉండాలి, అంతే. మీకు కారు లైసెన్స్ ఉందని రాశారు. దాని గడువు తేదీ ఒకసారి చూసుకోండి. అది సరిగ్గా ఉంటే మీ పేరు రాయడం వల్ల క్లెయిముకి పైసా నష్టం లేదు. ఓనరు నడపాలనే మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అని పాలసీలో వేరే ఉంటుంది. ఓనరుకి శాశ్వత వైకల్యం వస్తే, ప్రాణం పోతే వచ్చే డబ్బు అది. దానికీ బండి రిపేరుకీ సంబంధం లేదు. షెడ్డుల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు.

అబద్ధం రాస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం మిర్యాలగూడ వైపు ఒక కారు, రాత్రిపూట, లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీని గుద్దుకుంది. నడిపింది ఇరవై రెండేళ్ల కుర్రాడు, లైసెన్స్ పక్కాగా ఉంది. ఎవరో చెప్పారని క్లెయిమ్ ఫారంలో తండ్రి నడిపినట్టు రాశారు. నేను వెళ్లి చూస్తే స్టీరింగ్ చక్రం కింది భాగం లోపలికి వంగి ఉంది. అంత గట్టిగా తగిలిన మనిషికి ఛాతీ మీదో నుదుటి మీదో ఆనవాలు ఉండాలి. అరవై దాటిన తండ్రి ఒంటి మీద గీత కూడా లేదు. పక్కన నిలబడ్డ కొడుకు నుదుటి మీద కుట్లున్నాయి. నేను చూసింది చూసినట్టు రిపోర్టులో రాశాను, రాయకుండా ఉండలేను, సర్వేయరు లైసెన్స్ నాది. కంపెనీ ఇన్వెస్టిగేటర్ని పెట్టింది. కుట్లు వేసిన ఆసుపత్రి కేస్ షీటులో కారు నడుపుతుండగా స్టీరింగ్ తగిలింది అని అదే రాత్రి కుర్రాడే చెప్పి రాయించిన మాట దొరికింది. తప్పుడు సమాచారం ఇచ్చారని 3,40,000 క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. ఆ పెద్దాయన షెడ్డు మెట్టు మీద కూర్చుని నన్నడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సార్, మావాడికి లైసెన్స్ ఉంది గదా." ఉంది. వాడి పేరు రాసుంటే ఆ డబ్బు మొత్తం వచ్చేది.

మీ విషయంలో కూడా టోల్ దగ్గర కెమెరాలున్నాయి. ఎవరు నడుపుతున్నారో అందులో కనబడొచ్చు. అమ్మగారిని ఆసుపత్రిలో చూపిస్తే అక్కడి కాగితాల్లో మా అబ్బాయి నడుపుతుంటే అనే ఆవిడ చెప్పి రాయిస్తారు. అమ్మగారి తరఫున రేపు కోర్టుకి వెళ్తే అక్కడా డ్రైవరు పేరు అడుగుతారు. ఒకచోట నాన్న, ఇంకోచోట కొడుకు అని ఉంటే రెండు కేసులూ పోతాయి. క్లెయిమ్ ఫారం, ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, కారు మీదున్న దెబ్బ, ఈ నాలుగూ ఒకే సంగతి చెప్పాలి. నిజం రాస్తే అవి వాటంతటవే కలుస్తాయి.

ఎడమ తలుపు మీద పాత సొట్ట సంగతి. వద్దు. లారీ వెనక నుంచి కొట్టింది, ఎడమ ముందు తలుపు మీద సొట్ట ఎలా పడుతుంది? కొత్త దెబ్బకీ పాత దెబ్బకీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. బొటనవేలితో గీత లోపల రుద్దితే చాలు. కొత్త గీతలో రేకు వెండిలా మెరుస్తుంది, పెయింటు అంచులు పదునుగా వేలికి తగులుతాయి, పొడి రాలుతుంది. పాతదైతే అంచులు అరిగి నున్నగా ఉంటాయి, సొట్ట మడతలో మట్టి పేరుకుని ఉంటుంది, వాన పడితే వారంలోనే గోధుమరంగు తుప్పు లేస్తుంది. ఇక ఎత్తు చూస్తాం. లారీ బంపరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో, మీ డిక్కీ మీద నొక్కుకుపోయిన గీత అదే ఎత్తులో ఉందా అని టేపు పెట్టి కొలుస్తాం. లారీ పెయింటు మీ కారుకి అంటుకుని ఉంటుంది, దాని రంగు చూస్తాం. ఇంత చూసే మనిషి ముందు పాత సొట్ట పెడితే తలుపు డబ్బు రాకపోవడం ఒక్కటే నష్టం కాదు. ఆ క్షణం నుంచి మీరు చెప్పే ప్రతి మాటనీ అనుమానంతో వింటాడు. నిజంగా లారీ వల్లే పగిలిన భాగాన్ని కూడా ఇది అప్పటిదేనా అని అడుగుతాడు. మీరే ముందుగా చెప్పండి, "తలుపు సొట్ట పాతది సార్, దీంతో సంబంధం లేదు" అని. ఆ ఒక్క మాటతో సర్వేయరు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది. నా అనుభవంలో ఇది చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి మీరే చెప్పాల్సింది ఉంది. తాడు కట్టుకుని అక్కడి నుంచి ఖమ్మం దాకా నడుపుకుంటూ వచ్చారు. వెనక ఎడమ టైరు పక్క గోడ కోసుకుపోయిందని రాశారు. వంగిన రేకు టైరుకి రాసుకుంటూ వచ్చి ఉంటుంది. ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం ఓనరుదే అని పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంటుంది. కాబట్టి ఆ టైరు రాదనుకోండి. బతిమాలకండి, ఎలా జరిగిందో చెప్పేయండి. రెండోసారి ఇలాంటి పరిస్థితి వస్తే (రాకూడదనే కోరుకుంటున్నాను) జాతీయ రహదారి మీద 1033 కి ఫోన్ చేయండి, క్రేన్, పెట్రోలింగ్ బండి, అంబులెన్సు ఏది కావాలన్నా ఆ నంబరే. లాగుడు ఖర్చు కొంతవరకు పాలసీలోనే ఇస్తారు. మామూలు కారు పాలసీలో ఆ పరిమితి రూ.1,500, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగిపోతే సాయం పంపే అదనపు కవరు) తీసుకుని ఉంటే చాలాసార్లు మన జేబులోంచి తీయక్కర్లేదు.

నష్టం పెరగడం అంటే బుడమేరు గుర్తొస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు నీళ్లలో మునిగినప్పుడు, నీళ్లు తీశాక తాళం తిప్పి స్టార్ట్ చేసినవాళ్ల ఇంజన్లు లోపల నీటితో బిగుసుకుపోయాయి. వరద వల్ల సీట్లు, వైరింగ్ పాడైతే మామూలు పాలసీలో వస్తుంది. తాళం తిప్పడం వల్ల వంగిపోయిన కనెక్టింగ్ రాడ్డు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేనివాళ్లకి రాదు. నీళ్లలో మునిగిన బండిని తాళం తిప్పకుండా లాగించుకుని షెడ్డుకి చేర్చాలి. మీ కేసుకి ఇది సంబంధం లేదు గానీ ఇది చదివేవాళ్లలో ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాశాను.

ఇప్పుడు డబ్బు లెక్క. మీది 1,197 సీసీ పెట్రోల్ కారు, మూడున్నరేళ్లు నిండాయి, నిల్ డిప్రిసియేషన్ కవరు లేదు అన్నారు. అంటే కొత్త సామాను వేసినందుకు అరుగుదల కింద కొంత కోస్తారు. ఎంత కోయాలో సర్వేయరు ఇష్టం కాదు, పాలసీలోనే పట్టిక ఉంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ వీటన్నిటికీ సగం. అద్దానికి కోత లేదు. ఇనుప రేకులకి బండి వయసుని బట్టి: ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండో ఏడు 10, మూడో ఏడు 15, నాలుగో ఏడు 25, ఐదో ఏడు 35, ఆపైన పదేళ్ల దాకా 40, పదేళ్లు దాటితే 50. మీది నాలుగో ఏడు, కాబట్టి 25. పెయింటు మొత్తం బిల్లులో నాలుగోవంతుని మెటీరియల్‌గా లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అంటే బిల్లు మీద 12.5 శాతం. లేబరుకి కోత లేదు.

మీరు పంపిన ఎస్టిమేటులో పన్నులతో కలిపి వెనక బంపరు, లైట్లు, లోపలి లైనర్లు లాంటి ప్లాస్టిక్ సామాను 22,000 ఉంది. అందులో సగం, 11,000 వస్తుంది. డిక్కీ తలుపు, వెనక ప్యానెల్, క్వార్టర్ ప్యానెల్ కలిపి రేకులు 48,000, వచ్చేది 36,000. వెనక అద్దం 9,000 పూర్తిగా వస్తుంది. లేబరు 24,000 కూడా పూర్తిగా. పెయింటు 20,000లో 17,500. కూడితే 97,500. ఇందులోంచి 1,500 సీసీ లోపు కార్లకి తప్పనిసరిగా కోసే 1,000 తీస్తే 96,500. పాత రేకుల స్క్రాప్ విలువ ఒక 1,500 తీస్తారనుకుంటే 95,000. అంటే 1,23,000లో మీరు జేబులోంచి పెట్టాల్సింది 28,000 చుట్టూ ఉంటుంది, టైరు వేరే. సర్వేయరు కొన్ని రేకులు మార్చక్కర్లేదు, టింకరింగ్ చేస్తే (వంగిన రేకుని తట్టి సరిచేస్తే) సరిపోతుంది అంటే ఈ అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఆ టింకరింగ్ మాట దగ్గరే గొడవలు వస్తాయి. షెడ్డు వాళ్లకి మార్చడమే లాభం, కంపెనీకి తట్టించడమే లాభం. మీకు కావాల్సింది బండి గట్టిగా ఉండడం. డిక్కీ తలుపు లాంటి పైరేకుని లాగించి తట్టిస్తే తప్పేమీ లేదు. వెనక ప్యానెల్‌కి వెల్డింగ్ చేసిన ఫ్లోరు ముడతపడి ఉంటే మాత్రం ఒప్పుకోకండి. స్టెప్నీ తీయించి, మ్యాటు ఎత్తించి, లోపల రేకు మీద ముడతలు ఉన్నాయా అని సర్వేయరు పక్కనే ఉండి మీరూ చూడండి. డిక్కీ మూస్తే రెండు పక్కలా సందు సమానంగా ఉందా, వెనక తలుపులు తెరిస్తే కిందికి జారుతున్నాయా అనేది కూడా చూడండి. సందు తేడాగా ఉంటే దెబ్బ లోపలి దాకా వెళ్లిందని అర్థం. అప్పుడు చాసిస్ కొలతలు తీయించమని అడగండి, ఆ మాట రిపోర్టులో రాయించండి.

రేపు సర్వేయరు రాకముందు షెడ్డు వాళ్లని ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. ఆయన చూసి, ఫొటోలు తీసుకుని, విప్పమన్నాకే విప్పాలి. విప్పాక లోపల ఇంకేదైనా పగిలి కనిపిస్తే, అది మార్చే ముందు మళ్లీ ఆయనకి కబురు పెట్టించండి, సప్లిమెంటరీ ఎస్టిమేటు ఇప్పించండి. ముందు మార్చేసి తర్వాత బిల్లు పెడితే రాదు. షెడ్డు తొందరపాటు వల్ల జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఊడదీసిన పాత సామాను కూడా బిల్లు పాసయ్యే దాకా ఒక పక్కన పెట్టించండి, పని అయ్యాక మళ్లీ తనిఖీకి వస్తే చూపించాలి.

ఈ క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందా అని అడిగారు. పోతుంది. తప్పు లారీదే అయినా సరే, మీ పాలసీ మీద డబ్బు తీసుకుంటే బోనస్ సున్నా అవుతుంది. అది న్యాయం కాదనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ రూలు అదే. అయినా మీ కేసులో పెట్టాల్సిందే. ఇప్పుడు మీకు 35 శాతం నడుస్తోంది. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు 45, ఆపై 50 దగ్గర ఆగుతుంది. ఉదాహరణకి ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండి నష్టానికి కట్టే భాగం) పదివేలు అనుకుంటే, బోనస్ పోగొట్టుకోవడం వల్ల వచ్చే ఏడు 4,500, తర్వాత బోనస్ మళ్లీ మొదటి నుంచి పెరుగుతూ వస్తుంది కాబట్టి ఆపై 3,000, 2,500, 1,500, 500 చొప్పున ఐదేళ్లలో 12,000 నష్టం. తొంభై ఐదు వేల ముందు అదేమీ కాదు. కానీ బంపరు మీద గీత పడి ఐదారు వేల పని అయితే క్లెయిమ్ పెట్టకండి, జేబులోంచి కట్టేసుకోవడమే మేలు. బోనస్ థర్డ్ పార్టీ ప్రీమియం (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే భాగం) మీద ఉండదు, ఓన్ డ్యామేజ్ భాగం మీదే ఉంటుంది కాబట్టి లెక్క వేసేటప్పుడు ఆ అంకె ఒక్కటే చూడండి.

లారీ డ్రైవరు పదివేలు నాన్నగారు తీసుకోకపోవడం చాలా మంచి పని. ఇప్పుడు ఫోన్ చేసి ఇస్తానన్నా రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ కంపెనీ మీకు డబ్బు కట్టాక, ఆ డబ్బు లారీ వాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు దానికి వస్తుంది. మీరు ముందే "మాకేమీ బాకీ లేదు" అని రాసిచ్చేస్తే ఆ హక్కుని తుంచేసినట్టు, దాన్ని సాకుగా చూపించి మీ క్లెయిమే ఆపొచ్చు. అంతకంటే ముఖ్యం, అమ్మగారి విషయం ఇంకా తేలలేదు.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కారు నష్టానికి ఎఫ్‌ఐఆర్ లేకపోయినా పర్వాలేదు. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం పోలీసులకి చెప్పాలి, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం 24 గంటల్లోపు. మీకు నొప్పి సంగతి మర్నాడే తెలిసింది, అది తప్పు కాదు, కానీ ఇంక ఆలస్యం చేయకండి. వెనక నుంచి తగిలినప్పుడు తల ఒక్క ఉదుటున వెనక్కీ ముందుకీ ఊగుతుంది, మెడ నరాలూ కండరాలూ లాగుకుపోతాయి. ఆ నొప్పి ఒక రోజు తర్వాత పైకి తేలడం మామూలే. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉన్నా చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయా అని అడగండి, ఉంటే వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి. ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదం అని, తేదీ, సమయం, చోటు చెప్పి రాయించండి. ఊరికే మెడ నొప్పి అని రాస్తే తర్వాత ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ప్రమాదం జరిగిన చోటి పోలీసు స్టేషన్‌కి అంత దూరం ఎలా వెళ్లాలి అన్నారు. జులై 2024 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్ష సంహిత, 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఖమ్మంలో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఆ పరిధి స్టేషన్‌కి పంపుతారు. కుదిరితే ఒకసారి అక్కడికే వెళ్లి ఇవ్వడం మంచిది, స్థలం చూడాల్సింది వాళ్లే కాబట్టి పని త్వరగా అవుతుంది.

లారీ నంబరు ఫొటో ఉంది కదా, ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి. అమ్మగారి వైద్యం ఖర్చు, నొప్పికి పరిహారం లారీ ఇన్సూరెన్స్ నుంచి రావాలి. దానికి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో పిటిషన్ వేయాలి. సవరించిన చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు, దాన్ని దాటనివ్వకండి. నల్గొండ జిల్లాలో ప్రమాదం జరిగిందని అక్కడే వేయక్కర్లేదు, మీరు ఉండే ఖమ్మంలోనే వేయొచ్చు. మీ జేబులోంచి పోయిన 28,000 కూడా అందులోనే కలిపి అడగొచ్చు. కేవలం ఆ 28,000 కోసం అయితే ట్రిబ్యునల్ దాకా వెళ్లమని నేను చెప్పను, తిరుగుడు ఎక్కువ. అమ్మగారి నొప్పి నాలుగు రోజుల్లో తగ్గిపోయి ఖర్చు మూడు నాలుగు వేలతో అయిపోతే కూడా మీ ఇష్టం. ఆసుపత్రి గేటు దగ్గర వచ్చే సొమ్ములో శాతం మాట్లాడుకుందామని వచ్చేవాళ్ల కాగితాల మీద సంతకాలు పెట్టకండి. తెలిసిన వకీలు దగ్గరికి మీరే వెళ్లండి.

ఆలస్యం అయితే ఎవరిని అడగాలో కూడా చెప్తాను. మీరు కంపెనీకి తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరుని పెట్టాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందాక 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఇవి 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ) పెట్టిన గడువులు. కాగితం తక్కువైందని చెప్పి క్లెయిమ్ తిరస్కరించకూడదని కూడా అందులోనే ఉంది. తక్కువైన కాగితం ఏదో మెయిల్లో రాసి అడగమనండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. సర్వే రిపోర్టు కాపీ అడిగే హక్కు మీకుంది, అడిగి తీసుకోండి. మొత్తం నచ్చకపోతే ఫుల్ అండ్ ఫైనల్ అని ఉన్న వోచరు మీద ఊరికే సంతకం పెట్టేయకండి, ఏ వస్తువు దగ్గర ఎంత తేడా ఉందో ముందు మెయిల్లో రాయండి. మీ కంపెనీ ఫిర్యాదుల విభాగం నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, ఇచ్చింది నచ్చకపోతే, హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలూ, యానాం ఆయన పరిధి. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆలోపు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో, లేదా 155255 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలా ఫైళ్లు ఆ నంబరు పడగానే కదలడం నేను చూశాను. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది, రెండేళ్ల లోపు. కానీ ఒకే గొడవ రెండు చోట్లా పెట్టకూడదు. అక్కడ కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

రేపటికి సిద్ధం చేసుకోవాల్సినవి: ఆర్సీ, మీ లైసెన్స్ అసలు కార్డు, పాలసీ, నాన్నగారి ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు. సంతకం నాన్నగారే పెట్టాలి, పాలసీ ఆయన పేరున ఉంది కాబట్టి. డ్రైవరు వివరాలు అన్న గడిలో మీ పేరు. ప్రమాదం ఎలా జరిగిందో రాయమన్న చోట మూడు నాలుగు వాక్యాలు చాలు: ఏ తేదీ, ఎన్నింటికి, ఏ రోడ్డు, ముందు బండ్లు నెమ్మదించాయి, నేను బ్రేక్ వేశాను, లారీ వెనక నుంచి తగిలింది, లారీ నంబరు ఇది, అమ్మకి మర్నాడు మెడ నొప్పి వచ్చింది, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చాం. షెడ్డు అడ్వైజరుని ఆ ఫారం నింపనివ్వకండి. మీ చేత్తో, తెలుగులో రాసినా సరే, రాసి దాని ఫొటో మీ దగ్గర ఉంచుకోండి.

పొద్దున ముందు అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సర్వేయర్లు సాధారణంగా పదింటికి ముందు రారు, ఆలోపు వచ్చేయొచ్చు.